పోపు చప్పుడు

"మళ్ల వచ్చిందే పిల్లా! గదే ఆకుపచ్చ సంచి, గదే నోటుబుక్కు."

కత్తిపీట ముందు కూచున్న సుజాత గుసగుసగా అంది. మహేశ్వరి తల ఎత్తకుండా పొయ్యి మంట తగ్గించింది.

తార్నాకలో ఒక షట్టరు, రెండు పొయ్యిలు, పది గిన్నెలు. అదే ఆ వదినామరదళ్ల కర్రీ పాయింటు. యూనివర్సిటీలో లేడీస్ హాస్టల్ పక్కన ఖాళీగా ఉన్న క్యాంటీన్ గది కోసం వాళ్లు దరఖాస్తు పెట్టి మూడు వారాలైంది. పెట్టిన మర్నాటి నుంచే ఈ మేడం రాక మొదలైంది. పేరు కాత్యాయని అనీ, క్యాంపస్‌లో కెమిస్ట్రీ ప్రొఫెసరనీ కూరలకు వచ్చే పిల్లలు చెప్పారు.

"గది ఇచ్చే కమిటీల ఉంటది. మనల్ని చెక్ చేస్తున్నది," అని సుజాత తేల్చేసింది.

మేడం కూర తీసుకుని ఊరికే పోదు. గట్టు దగ్గర నిలబడి పొయ్యి వంకే చూస్తుంది. ఆవాలు ముందా, జీలకర్ర ముందా, మూత ఎప్పుడు పెట్టావు, ఎందుకు తీశావు అని అడుగుతుంది. చెప్పిందల్లా రాసుకుంటుంది. మహేశ్వరికి అసలే కొత్తవాళ్ల ముందు నోరు పెగలదు.

"ఏవమ్మా, ఉప్పు చూడవా?" అని ఆ రోజు మేడం అడిగింది.

"చూడను మేడం."

"రుచి చూడకుండానే అమ్ముతావా?"

కలం చకచకా కదిలింది. ఆమె వెళ్లగానే సుజాత విరుచుకుపడింది.

"గట్ల నిజం చెప్తరా ఎవరన్న? మొత్తం రాసుకపోయింది. రేపు ఆమె ముంగట చెంచతోని రుచి చూడు. ఒక్కసారి గాదు, నాలుగుసార్లు చూడు."

మర్నాడు మహేశ్వరి చూసింది. పుంటికూర, అంటే గోంగూర పప్పు. మొదటి చెంచాకు ఉప్పు చాలదనిపించి వేసింది. రెండో చెంచాకు పులుపు ఎక్కువనిపించి నీళ్లు పోసింది. నీళ్లకు కారం, కారానికి మళ్లీ ఉప్పు. నిద్రలో లేపి వండమన్నా తప్పిపోని పప్పు ఆ పూట ఎటూ కాకుండా పోయింది. మేడం దాన్ని ఇంటికి తీసుకుపోయి, తెల్లారగానే తిరిగి వచ్చింది.

"నిన్నటి గోంగూర పప్పు ఎవరు చేశారు?"

"నేనే మేడం."

"నీ చేతి వంట నాకు తెలీదా? అది నీది కాదు."

"నేనే చేసిన. రుచి చూస్కుంట చేసిన. అందుకే చెడిపోయింది."

సుజాత నెత్తి కొట్టుకుంది. మేడం మాత్రం స్టూలు లాక్కుని కూచుంది. "ఇదేదో మొదట్నుంచీ చెప్పు."

ఇక దాచి లాభం లేదనుకుని మహేశ్వరి చెప్పింది. ఊళ్లో వాళ్ల నాయనమ్మ ఉప్పలమ్మ, పోచమ్మ తల్లికి నైవేద్యంగా బోనం వండేది. అమ్మవారికి పెట్టకముందే రుచి చూస్తే ఎంగిలి. అందుకని నాయనమ్మ చెవితో వండేది. ఆరేళ్ల మహేశ్వరి బడి నుంచి వస్తూనే సంచి అవతల పారేసి ఆమె పక్కన చేరేది. "విను బిడ్డా. చిటపట సద్దుమణిగినంకనే ఆకు వెయ్యాలె. పప్పు ముందుగాల కుతకుత మొత్తుకుంటది, ఉడికినంక గుసగుస పెడ్తది," అని నాయనమ్మ చెప్పేది. బోనానికి నేర్చుకున్న పద్ధతి చారుకూ కూరలకూ పాకింది. పెళ్లిళ్లలో తోటి పిల్లలంతా పందిట్లో ఆడుతుంటే మహేశ్వరి వంటపొయ్యిల చుట్టూ తిరిగేది. డిగ్రీకని వచ్చి వారాసిగూడలో గది తీసుకున్నాక, పక్క గదుల పిల్లలు వాసన పట్టుకుని గిన్నెలతో తలుపు కొట్టేవాళ్లు. ఆ గిన్నెలు పెరిగి పెరిగి ఈ షట్టరైంది.

అంత మాట్లాడింది తనేనా అని మహేశ్వరికే ఆశ్చర్యం వేసింది.

"చదువుకునే పిల్లకి పొయ్యి దగ్గరేం పనని ఎవరూ కసరలేదా?" మేడం అడిగింది.

"కసిరేటోళ్లు మేడం. కసిరి, మళ్ల రెండోసారి వడ్డిచ్చుకునేటోళ్లు."

సుజాత కిసుక్కుమంది. కాత్యాయని నవ్వలేదు. "అదృష్టవంతురాలివి. చదువు పాడవుతుందని మా ఇంట్లో నన్ను పొయ్యి దగ్గరికే రానిచ్చేవాళ్లు కాదు," అంది. తర్వాత కళ్లు మూసుకుని, మూకుడు వైపు చెవి ఒగ్గి చాలాసేపు కూచుంది.

"గ్యాస్ లీకయితున్నదేమో చూస్తున్నది," సుజాత మరదలి చెవిలో ఊదింది.

ఆ తర్వాత నాలుగు రోజులు మేడం జాడ లేదు. గది పోయినట్టేనని ఇద్దరూ అనుకున్నారు. క్యాంపస్ వైపు వెళ్లి కనుక్కోవడానికి కూడా మహేశ్వరికి ధైర్యం చాలలేదు. ఐదో రోజు మధ్యాహ్నం మేడం వచ్చింది. చేతిలో కవరు.

మహేశ్వరి ఉండబట్టలేకపోయింది. "మేడం, మా క్యాంటీన్ గది..."

"మీకే వచ్చిందిగా! పొద్దున నోటీసు బోర్డులో పెట్టారు. చూసుకోలేదూ?"

సుజాత చేతిలో గరిటె కింద పడింది. "మీరే ఇప్పిచ్చిండ్రా మేడం?"

"నేనా? నేను ఏ కమిటీలోనూ లేనమ్మా. నెలాఖరుకు రిటైరవుతున్నాను."

వదినామరదళ్లు ముఖాలు చూసుకున్నారు. మరి ఇన్నాళ్లూ ఆ ప్రశ్నలేంటి? ఆ రాతలేంటి?

మేడం కవరు గట్టు మీద పెట్టింది. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన మనిషి దాన్ని వేలితో ముందుకు నెట్టింది.

"నోటితో చెప్పలేక రాసుకొచ్చాను. చదువు."

మహేశ్వరి తడి చేతులు చున్నీకి తుడుచుకుని కాగితం విప్పింది. సుజాత భుజం మీద నుంచి తొంగి చూసింది. గుండ్రటి అక్షరాలు. 'గౌరవనీయులైన మహేశ్వరి గారికి' అని ఉంది. ఇంతవరకు తనను గారు అన్నవాళ్లు లేరు. దాని కింద ఒకే ఒక్క వాక్యం.

'దయచేసి తమ వంటింట్లో నాకు ఉల్లిపాయలు తరిగే పని ఇప్పించ ప్రార్థన.'