నెజుకి నాలుగు మంచి మాటలు

ఇబుకి నల్ల కోటు తొడుక్కుని, నల్ల టై బిగించుకుని చిత్రకారుడు నెజు అంత్యక్రియలకు వెళ్ళాడు. బాధపడి కాదు. వెళ్ళకపోతే నలుగురూ నాలుగు మాటలంటారని.

టోక్యోలో చిత్రకళ గురించి ఇబుకి రాసిందే వేదం. అతను మెచ్చితే మ్యూజియం తలుపులు తెరుచుకుంటాయి. అతని నోట ఒక్క మంచి మాట కోసం నెజు ఇరవై ఏళ్ళు పడిగాపులు పడ్డాడు. ఇబుకి కరగలేదు. ఏముందని మెచ్చుకోవాలి? కనురెప్పలున్న రైస్ కుక్కర్లు, లిప్‌స్టిక్ పూసుకున్న ముల్లంగులు, మిఠాయి కొట్టు రంగులు. నీడ లేదు, లోతు లేదు. చాక్లెట్ కాగితం మీద వేయాల్సిన బొమ్మల్ని గోడకెక్కించాడని రాసేవాడు. "వాడు బతికుండగా నా నోట మంచి మాట వినడు," అని ఓ సభలో అనేశాడు కూడా.

హాలు గుమ్మానికి అటూ ఇటూ పూల స్టాండ్లు బారులు తీరి ఉన్నాయి. బల్ల దగ్గర, చావింట ఇచ్చే డబ్బు పెట్టిన తెల్ల కవరు ఇచ్చి పేరు రాశాడు. బదులుగా చేతిసంచి ఒకటి ఇచ్చారు. మామూలుగా అయితే అందులో టీ పొట్లం ఉంటుంది. ఇందులో బుల్లి రైస్ కుక్కర్ బొమ్మ ఉంది. దానికీ కనురెప్పలే.

"చచ్చినా సిగ్గు రాలేదు," అన్నాడు పక్కనున్న ఒకురాతో. ఒకురాకి గ్యాలరీ ఉంది. నెజు బొమ్మలమ్ముకునే బాగుపడ్డాడు.

"మెల్లగా మాస్టారూ, వింటారు."

"ఎవరోయ్ వినేది? వినాల్సినవాడు పెట్టెలో ఉన్నాడుగా."

వరుసలో ఉన్నవాళ్ళంతా కుర్రకారే. నల్ల బట్టలు, గులాబీ రంగు జుట్టు. ఏడుపు మొహం ఒక్కటీ లేదు. వీడి కోసం ఎవడేడుస్తాడులే అనుకున్నాడు ఇబుకి. మంత్రాలు టేపులోంచి వస్తున్నాయి. పూజారికి కూడా రావడానికి మొహం చెల్లలేదు కాబోలు. పూల మధ్య ఫోటో బదులు, నెజు తన మొహాన్ని తానే వేసుకున్న బొమ్మ ఉంది. చెంపలకు నారింజ రంగు. దాని కింద శవపేటిక; మొహం చూసేందుకు పెట్టే చిన్న కిటికీ మూసే ఉంది.

ఇబుకి చిటికెడు ఊదుపొడి నిప్పుల మీద వేసి వెనక్కి తిరగబోయాడు. నెజు భార్య కనోకో ఎదురొచ్చి వంగి నమస్కరించింది.

"వీడ్కోలు మాట మీరే చెప్పాలి మాస్టారూ. ఆయన కోరిక."

పోయినవాడి పటం ముందు నిలబడి, అతనితోనే మాట్లాడుతున్నట్టు చెప్పాలి. చెడు మాట నోట రాకూడదు. అందరూ చూస్తున్నారు, కాదనడానికి వీల్లేదు. పోనీలే, శవాన్ని పొగిడితే మన సొమ్మేం పోయింది అనుకుని గొంతు సవరించుకున్నాడు.

"నెజు గారూ, ఈ కాలాన్ని మీ అంత సూటిగా చూసిన చిత్రకారుడు మన దేశంలో ఇంకొకడు లేడు. మీ బొమ్మల్లో నీడ లేదని నేనే అన్నాను. మన బతుకుల్లో మాత్రం ఏ మూల మిగిలిందని? మీ రైస్ కుక్కర్‌ని చూసినప్పుడల్లా నాకు మా అమ్మ వంటిల్లు గుర్తొచ్చేది."

ఆ చివరి మాట ఎలా జారిందో తెలీదు. అది నిజం. ఇబుకికి తన మీద తనకే ఒళ్ళు మండింది. విసురుగా నడుం వంచి పటానికి నమస్కారం పెట్టాడు.

అప్పుడు శవపేటిక మీది చిన్న కిటికీ లోపలినుంచి తెరుచుకుని, "కనోకో, మొత్తం రికార్డయిందా?" అన్న నెజు గొంతు వినిపించింది.