ఆలివ్ చెట్టు కింద ప్రమిద

“ఆ పెట్టె బండెక్కాలంటే నన్ను తొక్కుకుంటూ వెళ్ళాలి!”

ఆర్గిరో గోతికి అడ్డంగా చతికిలబడింది. ఎనభై రెండేళ్ళ మనిషి, నల్లబట్టలు, చేతికర్ర. కూలీలు పారలు దించి నోళ్ళు తెరిచారు. నిన్నటిదాకా రోజూ ఒడినిండా అంజూరపళ్ళు తెచ్చిపెట్టి, “ఆ చెట్టు కింద ఏముంది నాయనా, రాళ్ళు తప్ప! అటు తవ్వుకోండి” అంటూ నవ్వుతూ పోయిన ముసలమ్మే మరి!

తవ్వకాల అధికారి క్లియాంథిస్‌కి చిర్రెత్తుకొచ్చింది. మ్యూజియం వ్యాను వచ్చి గంటయింది. తోటలో మిగతా చోట్లన్నీ అయ్యాక, ఆలివ్ చెట్టు కింద తవ్వితే దొరికింది: పాత పెంకులు కప్పిన పసిబిడ్డ సమాధి, తల దగ్గర చెక్కుచెదరని మట్టి ప్రమిద. పదేళ్ళు ఎండలో మాడిపోయినందుకు ఇన్నాళ్ళకి ఫలితం దక్కింది. సాయంత్రంలోగా ఎముకలు ఏథెన్స్ చేరాలి.

“అమ్మమ్మా, తోట నీదే కావచ్చు. భూమిలో దొరికింది సర్కారుది. లే!”

“ప్రమిద పట్టుకుపో. పెంకులూ పట్టుకుపో. బిడ్డని మాత్రం కదిలించకు.”

“బిడ్డేమిటి? రెండు వేల నాలుగు వందల ఏళ్ళనాటి ఎముకలు!”

“నీకెవరు చెప్పారు?”

“ఇదిగో, ఇది చెప్పింది.” క్లియాంథిస్ ప్రమిద తీసి ఆమె కళ్ళముందు పెట్టాడు. కోపంలో కూడా పాఠం చెప్పకుండా ఉండలేడు. “నూనె పోసే నోరు చూడు, ఎంత వెడల్పో. వత్తి పెట్టే ముక్కు పొట్టిది. కుమ్మరి సారె మీద చేశారు, అచ్చు పని కాదు. పైన నల్లపూత. క్రీస్తుకి నాలుగు వందల ఏళ్ళ ముందు చేసేవాళ్ళు ఇలాంటివి. ప్రమిద ఎప్పటిదైతే సమాధీ అప్పటిదే.”

“అంత పాతదా!” ముసలమ్మ నిజంగానే ఆశ్చర్యపోయింది.

“అవును పెద్దమ్మా, నీకంటే పాతదే!” అన్నాడు మేస్త్రీ స్టాథిస్. కూలీలు గొల్లుమన్నారు.

ఆమె నవ్వలేదు. “నాయనా, బిడ్డ ఎడమ భుజం కింద ఇంకా గోకలేదు కదూ?”

“లేదు. మట్టితోసహా పెట్టెలోకి ఎత్తేస్తున్నాం. ఏం?”

“గోకు.”

“అమ్మమ్మా, నాకు టైం లేదు...”

“గోకమన్నానా! నీలంపూస ఉంటుంది, దిష్టి తగలకుండా. దానికో పిన్నీసు ఉంటుంది. లేకపోతే నేనే దారి వదుల్తాను.”

పీడ విరగడవుతుందని క్లియాంథిస్ గోతిలోకి దిగాడు. కుంచెతో రెండుసార్లు దులిపాడో లేదో, నీలంపూస బయటపడింది. అతని చెయ్యి ఆగిపోయింది. పూసలు ఆ రోజుల్లోనూ ఉండేవని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. మళ్ళీ దులిపాడు.

తుప్పుపట్టిన పిన్నీసు. ఇంట్లో తన కూతురి చొక్కాకి గుచ్చి ఉన్నది కూడా అచ్చం ఇలాంటిదే. అతను గోతిలోనే కూర్చుండిపోయాడు. స్టాథిస్ టోపీ తీసేశాడు.

“నీకు... నీకెలా తెలుసు అమ్మమ్మా?”

“గుచ్చింది నేనే కనక. బాప్తిస్మం కాని బిడ్డకి శ్మశానంలో చోటివ్వనన్నాడు మా ఊరి పాదిరి. తోటలో ఏరిన పెంకులు కప్పాను. దున్నుతుంటే దొరికిన ప్రమిదలో నూనె పోసి వెలిగించి పెట్టాను, చీకట్లో భయపడతాడని.”

క్లియాంథిస్ జేబులోంచి తవ్వకాల పుస్తకం తీసి తెరిచాడు. ‘సమాధి 14. పసిబిడ్డ. క్రీ.పూ. 400.’ ఆ సంవత్సరం కొట్టేశాడు. ఆర్గిరో పైనుంచి వంగి చూసింది.

“పందొమ్మిది వందల అరవై, ఆగస్టు తొమ్మిది అని రాసుకో నాయనా. పేరు దగ్గర ఖాళీ వదిలెయ్. నా కొడుక్కి ఇంకా పేరు పెట్టలేదు.”