నానమ్మ తాళాలగుత్తి

మా వీధిలోని ఇరవై రెండు ఇళ్ళ మారు తాళంచెవులూ మా నానమ్మ గదిలో ఒకే మేకుకు వేలాడుతుండేవనీ, సదరు మేకు కాస్త వదులైనదనీ యావన్మందికీ ఇందుమూలంగా ప్రకటించడమైనది.

ఎవరు పొయ్యి కట్టెయ్యడం మరిచి ఆఫీసుకు పోయినా, ఎవరి పిల్లి లోపల ఇరుక్కున్నా, తొంభై మూడో ఏట కూడా ఆ గుత్తి పట్టుకుని వెళ్ళింది నానమ్మే.

ఆమె పోయిన వారానికే టైలర్ బావ వచ్చాడు. వెనకాల వీధి మొత్తం ఉంది.

"ఇంక చూసేదెవరు? మా తాళంచెవులు మాకిచ్చెయ్‌రా."

గుత్తి విడిపోతే వీధీ విడిపోతుందని నాకు గుబులు పుట్టింది.

"కుదరదు బావా. ఎవరిది వాళ్ళ ఎదురింటికివ్వమని నానమ్మ పోతూ పోతూ చెప్పింది."

"అంటే నాది ఆ మెకానిక్‌గాడికా? వాడికీ నాకూ ఆరేళ్ళుగా మాటల్లేవు."

"మాట్లాడమనలేదుగా. ఉంచుకోమంది, అంతే."

పెద్దావిడ మాట కాదనలేక అందరూ తీసుకున్నారు.

నిన్న వాన ముంచుకొచ్చేసరికి టైలర్ ఊళ్ళో లేడు. మెకానిక్ తిట్టుకుంటూనే తాళం తీసి, మేడెక్కి బట్టలన్నీ లోపల పడేశాడు. చొక్కాలు మడత కూడా పెట్టాడు.

నానమ్మ చివరిగా నాతో అన్నది, "టీలో పంచదార తక్కువైందిరా, వెధవా" అని. తాళాల మాట పూర్తిగా నా కల్పితం.