కోడ్ ఎవరిదంటే

"ఛీ! కాపీ కొట్టినవాడివి, కనీసం లైన్ల వరసైనా మార్చుకోలేకపోయావా?"

స్నేహలత ల్యాప్‌టాప్ తెరను వీరేంద్ర వైపు తిప్పింది. కైకలూరులో గంగాధరరావు గారి రొయ్యల మేత కొట్టు అది. వీరేంద్ర బస్తా మీద కాలు మీద కాలేసుకుని పకోడీ తింటున్నాడు. జిడ్డు వేళ్ళు ప్యాంటుకే తుడుచుకున్నాడు.

"లైబ్రరీలన్నీ ఒకేలా ఉంటాయండీ. ఇడ్లీ ఎవరు వేసినా గుండ్రంగానే వస్తుంది కదండీ!" అన్నాడు తాపీగా.

అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరు, దాని నెత్తిన తగిలించే సెన్సార్ బోర్డు, ఆ రెండింటినీ మాట్లాడించే కోడ్. దాన్నే లైబ్రరీ అంటారు. ఏలూరు కాలేజీలో పాఠాలు చెప్పే స్నేహలత తన విద్యార్థుల కోసం వేసవి సెలవులు ధారపోసి రాసింది. ఎవరైనా ఉచితంగా వాడుకోండని నెట్‌లో పెట్టింది. రాసినవారి పేరు తీసెయ్యకూడదన్నది ఒక్కటే షరతు.

వీరేంద్ర తీసేసింది సరిగ్గా ఆ పేరునే. అక్కడ తన పేరు వేసుకుని, అంతా ఒక డబ్బాలో బిగించి, చెరువు నీళ్ళలో రొయ్యలు బతకడానికి కావలసిన ఆక్సిజన్ ఎంతుందో చెప్పే సొంత పరికరమంటూ కొల్లేరు చుట్టూ అమ్ముకున్నాడు. "అంకె ఐదు దాటి ఉంటే హాయిగా పడుకోండి" అని రైతులకు చెప్పాడు. ఏలూరు సభలో శాలువా కూడా కప్పించుకున్నాడు. సొమ్మొకడిది, సోకొకడిది.

ఆ శాలువా ఫొటో చూశాక ఆమెకు అన్నం సయించలేదు. జరిగిందంతా ఫేస్‌బుక్‌లో రాసింది. నిన్న గంగాధరరావు గారు స్వయంగా ఫోన్ చేశారు.

"ఒకసారి రండమ్మా. ఆ కోడ్ ఎవరిదో నలుగురి ముందూ తేల్చేద్దాం."

పరాయి ఊళ్ళో తన పేరు కోసం ఒక పెద్దమనిషి నిలబడ్డాడు! మురిసిపోయి పొద్దున్నే బస్సెక్కింది.

ఇప్పుడాయన బల్ల వెనక కూర్చున్నారు. పక్కన ఇద్దరు రైతులు. ఆయన ముందు అన్న మాటను ఇక్కడ ఎవరూ వెనక్కి తీసుకోరు.

"వీరేంద్రా, రాసింది నువ్వేనా?" అడిగారు.

"నేనే కదండీ మరి!"

అంత పచ్చి అబద్ధాన్ని పకోడీతోపాటు నమిలి మింగేశాడు. వీడితో ఒక గదిలో కూర్చోవడమే రోత అనుకుంది స్నేహలత.

అంతలో ఫోన్ మోగితే వీరేంద్ర బయటికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి మొహంలో పకోడీ కళ లేదు. ఆమె పట్టించుకోలేదు. గంగాధరరావు గారు తన చెరువు నుంచి తెప్పించిన డబ్బా బల్ల మీదే ఉంది. దాని తీగ కొస గ్లాసు నీళ్ళలో వేసి, "ఇందులో ఇంకే లైబ్రరీలోనూ లేని ఉపాయం ఒకటుందండీ," అంది. "ఆ తీగ పీకండి."

గంగాధరరావు గారు తీగను డబ్బాలోంచి పీకేశారు. డబ్బా తెర మీద 5.8 అలాగే ఉంది.

"చూశారా? క్లాసులో తీగలు ఊడి ప్రోగ్రాం ఆగిపోతుంటే విసుగొచ్చి పెట్టాను. ఎంతసేపైనా చివరి అంకెనే చూపిస్తుంది. ఇదెలా జరుగుతుందో ఇతన్ని చెప్పమనండి!"

"నాకేం తెలుసండీ?" వీరేంద్ర జిడ్డు చేతులు జోడించాడు. "అంతా మేడమ్ గారిదే. అందులో ఒక్క అక్షరం కూడా నాది కాదండీ."

దొంగతనం కన్నా ఈ వినయం మరీ వెగటుగా ఉంది. అయినా వదలబుద్ధి కాలేదు.

"వినపడలేదు. గట్టిగా చెప్పు."

"మీదేనండీ బాబూ! మొత్తం మీదే!"

రైతులిద్దరూ మొహాలు చూసుకున్నారు. గంగాధరరావు గారు ఆమె వైపు తిరిగారు.

"మీ నోటితో కూడా ఒక్కసారి అనండమ్మా. ఆ అంకె అలా నిలబడిపోయేలా రాసింది మీరేనా?"

"నేనేనండీ. ప్రతి అక్షరం నాదే." ఇన్నాళ్ళ అసహ్యమంతా ఆ మాటతో కడిగేసుకున్నట్టయింది స్నేహలతకు.

గంగాధరరావు గారు తల ఊపి, వీరేంద్రను వెళ్ళిపొమ్మన్నారు. అతను వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు. ఆయన గొంతు సవరించుకున్నారు.

"తీగ ఊడినా ఐదు దాటి నిలబడిపోయిన ఆ అంకెను నమ్మి పడుకుంటే, నా చెరువులో రొయ్యలన్నీ చచ్చాయమ్మా."