వాగులో తవ్విన గొయ్యి

"బాగున్నదాన్ని ఎందుకు కోస్తున్నావు మామా?"

తాదేయో షెడ్డులోకి అడుగుపెట్టేసరికి అతని మేనమామ ఎలీజియో గ్రైండరు పట్టుకుని పందెం బండి ఎడమ ముందుచక్రాన్ని పట్టి ఉంచే ఇనుప ఆర్మ్ కోస్తున్నాడు. విరిగింది కుడివైపుది. ఎడమవైపుకి గీత కూడా పడలేదు.

రవ్వలు ఆగాక గాని ఎలీజియో తలెత్తలేదు.

"ఇది చాలదు," అన్నాడు.

"దేనికి చాలదు?"

"పడటానికి."

"నేను పడటానికి పోవట్లేదు, గెలవడానికి పోతున్నాను. పందేనికి పదమూడు రోజులే ఉన్నాయి. విరిగినవి అతికించి ఇచ్చెయ్యి, అంతే."

మూలన పాత టైరు మీద కూర్చున్న నాబోర్ నవ్వబోయి, భుజం కలుక్కుమని ఆగిపోయాడు. తాదేయో బావమరిది అతను. బండిలో పక్కన కూర్చుని దారి చెప్పేదీ అతనే. మెడ కింద ఎముక విరిగి, చెయ్యి మెడకి కట్టుకుని ఉన్నాడు.

"పోయినసారీ గెలవడానికే పోయాం బావా," అన్నాడు.

పోయినసారంటే సెప్టెంబరు పందెం. తొమ్మిదేళ్ళుగా ఎడారిలో బండి తోలుతున్న తాదేయో మొదటిసారి అందరికన్నా ముందున్నాడు. వెనకవాడికి పదకొండు నిమిషాల దూరం. తన ఊరి పక్కనున్న ఎండిన వాగు దాటితే, పందెం ముగిసే ఎన్సెనాడా దాకా ఇక మంచి రోడ్డే. ఆ వాగులో ఎవరో దారికి అడ్డంగా దిబ్బ పోసి, దాని వెనక మీటరున్నర గొయ్యి తవ్వారు. రెండురోజుల ముందు దారి చూసుకున్నప్పుడు అది లేదు. బండ్లు గాల్లోకి లేస్తుంటే చూడాలని జనానికి సరదా. పందెం ముందురోజు పారలు పట్టుకు బయల్దేరతారు. పూర్తయ్యాక మాంసం కాల్చుకుంటూ గట్టుమీద కూర్చుంటారు. తాదేయో బండి లేచింది, ముక్కుమీద పడింది, మూడు పల్టీలు కొట్టింది. గట్టుమీది జనమే పరిగెత్తుకొచ్చి దాన్ని నిలబెట్టారు.

"వాగు అవతలి ఊరోళ్ళ పనే అది," అన్నాడు తాదేయో పళ్ళు నూరుతూ. "నేను ముందున్నానని తెలిసే తవ్వుంటారు. ఎవడో తెలిస్తే వాడి పారతోనే వాణ్ణి పూడ్చిపెడతాను."

"ఆ పెద్ద పానా అందుకో," అన్నాడు ఎలీజియో.

"నా మాట వినకపోతే బండి ఇంకో షెడ్డుకి తీసుకుపోతాను మామా."

"తీసుకుపో. ముందు చక్రాల్లేవు. భుజాన వేసుకుపో."

తాదేయో పానా అందించాడు.

ఎలీజియో వంగిన ఛాసిస్‌కి గొలుసులు కట్టి, జాకీ పెట్టి, రోజుకింత చొప్పున లాగాడు. లాగిన ప్రతిసారీ ఈ కొస నుంచి ఆ కొసకి దారం పట్టి చూశాడు. మనుషులు కూర్చునేచోట పైపుల పంజరం నలిగిన మేరకు కోసేసి కొత్త పైపులు వేశాడు. అతుకు అతుక్కీ ముక్కోణపు రేకు బిగించాడు. అక్కడితో ఆగితే తాదేయోకి గొడవలేదు. ముందు ఆర్మ్‌లు రెండూ నాలుగేసి వేళ్ళు పొడవు పెంచి, రెండేసి రేకులతో కొత్తగా చేశాడు. వెనకవైపు కూడా ఊడదీశాడు. ఎక్కడ సంపాదించాడో, తొడంత లావు షాక్ అబ్జార్బర్లు నాలుగు తెచ్చి బిగించాడు.

"తొంభై కిలోలు పెరిగింది," అన్నాడు తాదేయో తూకం చూసి. "బరువు పెరిగితే వేగం తగ్గుతుంది. పెళ్ళికూతురికి నగలు పెట్టినట్టు పెట్టుకుంటూ పోతున్నావు."

"పెళ్ళికూతురు పల్టీలు కొట్టదు."

"ముసలాయనకి నీమీద ప్రేమ ఎక్కువైంది బావా," అన్నాడు నాబోర్. "నామీద కూడా కాస్త ఉంటే నా సీటు కింద ఓ దిండు పెట్టమను."

పదకొండో రోజు పొద్దున్నే బండిని ఇటుకబట్టీ వెనక్కి తీసుకుపోయారు. అక్కడ మట్టి తవ్వగా మిగిలిన నిటారు గట్టొకటి ఉంది. ఎలీజియో టేపు కొస నాబోర్ చేతికిచ్చి, పైనుంచి కిందికి కొలిచాడు. రెండున్నర మీటర్లు.

"దీనిమీంచి దూకించు," అన్నాడు.

తాదేయో గట్టుకేసి చూశాడు, మామకేసి చూశాడు. "ముక్కలైతే ఎల్లుండి నేను పందెం ఎలా ఆడను?"

"ముక్కలు కాదు."

తాదేయో ఎక్కి బెల్టు బిగించుకున్నాడు. బండి దూరం నుంచి దుమ్ము లేపుకుంటూ వచ్చి గట్టు అంచు వదిలింది. ఒక్క క్షణం ఇంజను చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత నాలుగు చక్రాలూ ఒకేసారి నేలని తాకాయి. బండి పొట్ట నేలకి ఆనేంత కుంగి, మెత్తగా లేచి, ఏమీ జరగనట్టు ముందుకి పోయింది.

తాదేయో దిగి, చక్రాల మధ్య పాక్కుంటూ అన్నీ తడిమి చూశాడు. ఒక్క అతుకూ విడలేదు. హెల్మెట్ తీసి పారేసి మామని వాటేసుకున్నాడు.

"నిన్ను తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకుంటున్నా మామా. కానీ నన్ను పడేసిన గొయ్యి మీటరున్నరే. ఇంకో మీటరుకి కూడా ఎందుకు సరిచేశావు?"

ఎలీజియో టేపు చుట్టుకుంటున్నాడు.

"అది సరిహద్దు అవతల్నుంచి వచ్చే పైదేశం వాళ్ళ బండ్ల కోసం తవ్వాం. ఎప్పుడూ ముందొచ్చేది వాళ్ళే కదా. నువ్వు ముందొస్తావని మనూళ్ళో ఒక్కడూ అనుకోలేదు. నేనూ అనుకోలేదు."

తాదేయో చేతులు జారిపోయాయి. "తవ్వాం అంటే... నువ్వా?"

"నేనొక్కణ్ణే కాదు. పదిహేనుమందిమి."

"పోనీలే పెద్దాయనా," అన్నాడు నాబోర్, తన భుజం పట్టుకుని. "ఈసారి తవ్వరు కదా?"

ఎలీజియో టేపు జేబులో పెట్టుకున్నాడు.

"ఈసారి వీడే ముందొస్తాడని ఊరంతా నమ్ముతోంది. అందుకే, వీడు ఇంకా ఎత్తుకి లేవాలని, రెండున్నర తవ్వుతున్నాం."