మండిక్ పరీక్ష

హెడ్లీ పథకంలో లోపమే లేదు. కనీసం హెడ్లీ అలా అనుకున్నాడు.

అన్న మెర్విన్ భార్యతో స్పెయిన్ వెళ్తూ, పిల్లికి తిండి పెట్టమని తాళంచెవి ఇచ్చాడు. హెడ్లీ పిల్లికి తిండి పెట్టాడు. తరవాత అద్దెకు తెచ్చిన డ్రిల్లుతో అన్న ఇంటి మెట్లకింది అరలో గోడ తొలిచి, గుండ్రటి ముక్కలు బయటికి లాగాడు. కన్నాలు సిమెంటుతో పూడ్చి, వాటికి అడ్డంగా చీపుర్లు, పాత బూట్లు సర్దాడు. పిల్లి అంతా చూసింది. ఎవరికీ చెప్పదని తెలిసినా, ఎందుకైనా మంచిదని దానికి ఇంకో చేపల డబ్బా విప్పాడు.

కాస్త సిగ్గేసిన మాట నిజమే. ఆమధ్య తనూ భార్యా ఊరెళ్ళి వచ్చేసరికి, ఇదే అన్న తమ పెరటిగోడకి ఒక పిచ్చుకగూడు బిగించి ఉంచాడు. పుట్టినరోజు బహుమతిట. అన్న జన్మలో ఇచ్చిన బహుమతి అదొక్కటే.

ఇదంతా మండిక్ వల్ల వచ్చింది. గనుల్లో తగరం, రాగి తవ్వుతుంటే అడ్డొచ్చే పచ్చటి మెరుపురాయికి ఇంగ్లండు కొసనున్న మా కార్న్‌వాల్ తాతలు పెట్టిన పేరది. బంగారంలా మెరుస్తుంది, చిల్లిగవ్వ చేయదు. వాళ్ళు దాన్ని విసిరేసి గుట్టలు పోశారు. ఊరికే వస్తోంది కదా అని ఆ గుట్టలే తవ్వి, సిమెంటు ఇటుకలు పోసి, మేం ఇళ్ళు కట్టుకున్నాం. చెమ్మ తగిలితే మండిక్ కుళ్ళుతుంది, గోడ బిస్కట్టులా రాలుతుంది. అంత తెలివైనవాళ్ళం. ఇప్పుడు ఇల్లు అమ్మాలంటే గోడముక్కలు పరీక్షకి పంపాలి. మండిక్ అని తేలితే ఏ బ్యాంకూ అప్పివ్వదు, ఎవడూ కొనడు.

హెడ్లీ ఇల్లు అమ్మి తీరాలి. భార్య లవ్‌డే మోకాళ్ళు అరిగిపోయాయి. పడకగదికి వెళ్ళాలంటే మెట్ల మీద కూర్చుని వెనక్కి జరుగుతూ ఎక్కుతోంది. మెట్లు లేని ఇల్లొకటి చూసుకున్నారు కూడా.

కానీ ఈ ఇల్లు నాన్న స్వయంగా కట్టింది. ఎంగిలిచేత్తో కాకిని తోలని మనిషి. ఊరికే వచ్చే గనిచెత్త ఉండగా మంచి కంకర కొని ఉంటాడా? నాన్న పిసినారితనం మీద తనకంత నమ్మకమని హెడ్లీ అందరికీ చెప్పి నవ్వించేవాడు.

మెర్విన్ ఇల్లు మాత్రం పరీక్షలో మండిక్ లేదని తేలి ‘ఎ’ తరగతి తెచ్చుకుంది. ఆ కాగితం చూపించి తెచ్చిన బ్యాంకు అప్పుతో స్పెయిన్‌లో ఫ్లాటు కొన్నాడు. కాగితానికి ఫ్రేము కట్టించి హాల్లో పెట్టాడు.

“ఒరేయ్ తమ్ముడూ, నాన్న ఇల్లు నీకొచ్చిందని అప్పట్లో ఏడ్చాను. దేవుడు మేలు చేశాడురా,” అనేవాడు దాన్ని తుడుస్తూ.

పరీక్షవాడు రానే వచ్చాడు. గోడలు తొలిచి, ముక్కలు సంచుల్లో వేసి వంటింట్లో కూర్చున్నాడు. లవ్‌డే చేసే కుంకుమపువ్వు బన్ను వద్దన్న కార్న్‌వాల్ మనిషి ఇంకా పుట్టలేదు. అతను రెండోది అందుకునేలోగా సంచుల్లోకి అన్న గోడ వెళ్ళిపోయింది.

వారం తిరక్కుండా పరీక్షవాడి ఫోనొచ్చింది. ‘సి’ తరగతి. నిండా మండిక్. బ్యాంకుకి కూడా తెలియజేశామన్నాడు.

“పొరపాటయ్యుంటుందయ్యా. ఆ గోడ ‘ఎ’ తరగతిది,” అన్నాడు హెడ్లీ.

“మీకెలా తెలుసండీ?”

హెడ్లీ ఫోన్ పెట్టేశాడు. దాచి లాభం లేక లవ్‌డేకి జరిగిందంతా చెప్పాడు. తిడుతుందనుకున్నాడు. ఆమె మోకాళ్ళు రుద్దుకుంటూ అడిగింది.

“మెర్విన్ ఇల్లే మండిక్ అయితే, ఆయన పరీక్షకి పంపిన ముక్కలు ఎవరింటివి?”

హెడ్లీ కిటికీలోంచి పెరట్లోకి చూశాడు. ఏ పిచ్చుకా ఎన్నడూ వాలని గూడు గోడకి వేలాడుతోంది. స్క్రూడ్రైవరు తీసుకెళ్ళి, ఒక్కో మరా విప్పి, దాన్ని కిందికి దించాడు.

దాని వెనక, పాపం నాన్న మంచి కంకర కొని కట్టిన గోడలో, సిమెంటుతో నున్నగా పూడ్చిన గుండ్రటి కన్నాలున్నాయి.