నౌకరీ చేసే మేక

మల్లేశ్ దొంగ అని అమర్‌నాథ్‌కు ఎప్పుడో ఖాయమైంది. దొరకనిదల్లా రుజువు ఒక్కటే.

ఇద్దరిదీ ఒకే కంపెనీ, ఒకే టీము. అమర్‌నాథ్ వికారాబాద్‌లో, మల్లేశ్ తాండూరులో, ఎవరింట్లో వాళ్లు కూర్చుని పని చేసుకుంటున్నారు. ఈ సుఖం చూసి కంపెనీకి కన్ను కుట్టింది. వచ్చే నెల నుంచి అందరూ హైదరాబాద్ ఆఫీసుకే రావాలంది. టీముకు ఒక్కరికి మాత్రం మినహాయింపు. ఈ నెలంతా ఎవరి మౌసు ఎక్కువసేపు కదిలితే వాళ్లు ఇంట్లోనే ఉండొచ్చు. పని జరిగిందా లేదా అని చూసే ఓపిక ఎవరికుంది? మౌసు కదిలితే మనిషి ఉన్నట్టే.

అమర్‌నాథ్‌కు ఆ మినహాయింపు కావాలి. రైల్లో ఒంటికాలి మీద నిలబడి పోయి వచ్చిన రోజులు అతను మర్చిపోలేదు. పైగా ఇప్పుడు ఇంట్లో ఆర్నెల్ల పాప. అది లేవకముందే వెళ్లి, పడుకున్నాక రావడం తలుచుకుంటేనే గుండె చెరువయ్యేది.

కానీ మల్లేశ్ మౌసు ఆగితేగా! మీటింగులో పిలిస్తే పలకడు, మెయిలుకు జవాబివ్వడు, మౌసు మాత్రం పొద్దుగూకే దాకా కదులుతూనే ఉంటుంది. నెలాఖరు రోజున ఇక తట్టుకోలేక అమర్‌నాథ్ తాండూరు బస్సెక్కాడు.

బస్సు కదిలిందో లేదో భార్య అంబిక నుంచి ఫోను.

"చెయ్యి గుంజుతుందండీ. ఎంతసేపు ఊపాలె ఈ తొట్టెల?"

"నేనొచ్చేదాక ఆపకు. జర ఓపిక పట్టు."

పక్క సీటులోని ముసలమ్మ మురిసిపోయింది. "బిడ్డంటే ఎంత పానం నీకు! నీ అసుంటి తండ్రి యాడ దొరుకుతడు కొడుకా!"

అమర్‌నాథ్ వినయంగా తలొంచుకున్నాడు.

తాండూరు శివారులో మల్లేశ్ ఇల్లు పట్టుకోవడం కష్టం కాలేదు. ప్రహరీ మీదుగా తొంగి చూసి నోరు వెళ్లబెట్టాడు. అరుగు మీద పాలిష్ పట్టిన నాపరాయి. పక్కనే కట్టేసిన మేక. దాని మెడకు దారం, దారం చివర మౌసు. మూతికి అందీ అందకుండా తట్టలో కందిపొట్టు. మేక మెడ సాచినప్పుడల్లా మౌసు రాయి మీద అటూ ఇటూ జారుతోంది. కిటికీ లోపల లాప్‌టాప్ దర్జాగా వెలుగుతోంది.

"ఎవరు సారూ?" వెనక నుంచి మల్లేశ్ తండ్రి అంజిలయ్య అడిగాడు.

అమర్‌నాథ్ తడబడ్డాడు. "మేకను చూస్తున్న. అమ్ముతరా?"

"గిది అమ్మేది కాదు సారూ, నౌకరీ చేస్తుంది," అన్నాడు అంజిలయ్య గర్వంగా. "మా పిలగాడు గొర్లెంబడి పోయిండు. వాడొచ్చేదాక ఆఫీసు పని గిదే చూస్కుంటది."

ఆయన లోపలికి వెళ్లగానే అమర్‌నాథ్ వీడియో తీశాడు. పట్టుకున్న మొనగాడెవరో తెలియాలి కాబట్టి మేక పక్కన తన ముఖం కూడా పడేలా చూసుకున్నాడు. 'ఇప్పుడే, మల్లేశ్ ఇంటి దగ్గర నుంచి' అని రాసి మేనేజరు నిఖిలకు పంపించాడు.

నిమిషంలో ఆమె ఫోను చేసింది.

"మస్తు పట్టినవ్ అమర్‌నాథ్! మల్లేశ్ పని అయిపోయింది."

అమర్‌నాథ్ ఛాతీ పొంగింది. ఇక పాప నవ్వులు రోజంతా తనవే.

"ఒక్కటే సమజైత లేదు," అంది నిఖిల. "ఆయన మౌసును మేక కదుపుతుంది, సరే. నువ్వేమో తాండూర్ల ఉన్నవ్. పొద్దటినుంచి నీ మౌసు ఆయనకంటె జోరుగ ఎట్ల కదులుతుంది?"

అమర్‌నాథ్ కంగారులో ఫోను కట్ చేశాడు. అది వెంటనే మళ్లీ మోగింది. ఈసారి అంబిక.

"ఏమండీ, పాప ఎప్పుడో లేచింది, పక్కింటోళ్లు ఎత్తుకపోయిన్రు. ఉత్త తొట్టెల ఊపి ఊపి నా రెక్కలు పోయినయ్. దానికి కట్టిన మౌసు ఇప్పుడన్న విప్పనా?"